ఎరుకపిండి

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో దమయంతి పంపిన ఫైలు ఒక్కటి కూడా తప్పులున్నాయని వెనక్కి రాలేదు. ఆ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పుకోదు. చెప్పుకోవాల్సిన అవసరం లేకుండా మొహంలోనే కనిపిస్తూ ఉంటుంది. జిల్లాలోని ఊరి ప్రణాళికా సంఘాలన్నిటినీ తనిఖీ చేసే అధికారి ఆవిడ. సంఘం నిజంగా కూర్చుందా, కూర్చున్నట్టు సంతకాలు పెట్టించుకున్నారా, ఊరివాళ్లు అనుకున్నదే కాగితం మీదికి వచ్చిందా, మధ్యలో ఎవరైనా వేలు పెట్టారా, ఇవన్నీ చూడటం ఆవిడ పని. జీపు దిగగానే ముందు హాజరు పుస్తకం అడుగుతుంది. మంచినీళ్లు ఆ తరవాతే.

ఆశ్వయుజం చివర్లో ఒక మంగళవారం పొద్దున్నే ఆవిడ పులగంపాడు వచ్చింది. మెట్ట ఊరు, మూడు వందల గడప ఉంటుంది. తూర్పున ముసలివాగు. కమ్యూనిటీ హాలు నేలంతా అప్పటికే ఎర్రమట్టితో అలికి ఆరబెట్టారు. గోడల వెంట ఆడవాళ్లు బారుగా కూర్చున్నారు, ఒక్కొక్కరి ఒళ్లో ఒక్కో కొబ్బరిచిప్ప. చిప్పలో తెల్లటి పిండి.

చూడటానికి ముగ్గుపిండిలాగే ఉంటుంది గానీ వేళ్ల మధ్య నలిపితే చల్లగా తగులుతుంది. దాన్ని కనిపెట్టింది విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో పనిచేసే ఇంతియాజ్. ఏటా సభ రోజున అతనూ దమయంతితో పాటు వస్తాడు. అతను దానికి ఏదో అంకె పేరు పెట్టుకున్నాడు. పులగంపాడు ఆడవాళ్లు ఒక్క రోజులో ఆ పేరు తీసేసి ఎరుకపిండి అన్నారు, అదే నిలబడింది. నెల్లాళ్లపాటు ప్రతి ఇంటి ఇల్లాలూ ఆ పిండితోనే గడప ముందు ముగ్గు పెట్టాలి, సాయంత్రం మళ్లీ చిప్పలోకి ఎత్తుకోవాలి. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో ఎవరి అడుగు ఎంత బరువో, ఎవరు కుంటుతూ నడుస్తారో, నేల కింద చెమ్మ ఎంతో, గాలి ఎటునుంచి వస్తుందో అంతా దానికి పట్టుబడిపోతుంది. సభ రోజున హాల్లో ఊరి పటం వేసి, ఎవరి ఇంటిని వాళ్లు ఆ పిండితో పోసి, పైన గ్లాసుడు నూతినీళ్లు చిలకరిస్తే ఒక గంటలో పిండి తనంతట తానే సర్దుకుంటుంది. రాబోయే ఏడాదికి ఊరు ఎలా ఉండబోతుందో అలా. దాన్ని చూసి సంఘం ప్రణాళిక రాసుకుంటుంది, ప్రభుత్వం ఆ ప్రణాళికకి పనులిస్తుంది. మూడేళ్ల క్రితం బడి ముందు పిండి రోడ్డు మీదికి పొర్లితే, పిల్లలు ఎవరూ లారీ కింద పడకముందే బడికి ప్రహరీ వచ్చింది.

తనిఖీ అధికారికి ఒకే ఒక్క నియమం. పటాన్ని తాకకూడదు. ప్రభుత్వం చెయ్యి పడితే అది ఊరి పటం కాదు. ఆ నియమావళి రాసిన బృందంలో దమయంతి కూడా ఉంది.

ముందు బుల్లెమ్మ గీతలు వేసింది. డెబ్భై దాటిన మనిషి, నడుం వంగింది గానీ గీత వంకరపోదు. రోడ్డు, బడి, వాగు, వాగు నోటికి అడ్డంగా పోయినేడు వేసిన కట్ట. తరవాత వీధుల వారీగా అందరూ వచ్చి ఇళ్లు పోసుకున్నారు. కింది వీధిలో ఇరవై మూడిళ్లు. అందులో వాగువైపు మొదటిది కనకరత్నానిది. సంఘానికి కార్యదర్శి ఆవిడే. నీళ్లు చిలకరించి అందరూ వెనక్కి జరిగారు.

పావుగంటకి కనకరత్నం ముందుకి వంగి చూసింది.

"మేడంగారూ, మా ఇల్లు నిలబట్టం లేదండి."

నిజంగానే ఆ ఇంటి పిండి కదులుతోంది. వానకి ముందు చీమలు గుడ్లు మోసుకుపోతున్నట్టు సన్నటి బారుగా పడమటికి పాకుతోంది. దాని వెనక పక్కింటిది, దాని వెనక ఎదురింటిది. చప్పుడు లేదు. చూస్తుండగానే వీధి వీధంతా లేచి, బడి గీసిన చోటికి పోయి ఒక మూల ముద్దగా చేరింది. కింది వీధి ఉండాల్సిన చోట ఎర్రమట్టి మిగిలింది. ఎప్పుడూ అక్కడ ఏమీ పోయనట్టు, నలుసు కూడా లేకుండా ఉంది.

ఎవరో ఒకావిడ మంగళసూత్రం కళ్లకద్దుకుంది.

ఇంతియాజ్ నేల మళ్లీ అలికించాడు. చదును చూశాడు, నూతినీళ్లు మార్పించాడు, మళ్లీ పోయించాడు. మళ్లీ అంతే. ఈసారి ఇంకా తొందరగా వెళ్లిపోయింది, దారి తెలిసిపోయినట్టు. అతను చెమట తుడుచుకుంటూ దమయంతి దగ్గరికి వచ్చాడు.

"పిండికి అబద్ధం రాదు మేడమ్. బంగాళాఖాతంలో వాయుగుండం ఉందంటున్నారు, గురువారానికి తీరం దాటుతుందట. ఇది చూపిస్తున్నది ఏడాది తరవాతి సంగతి కాదు. ఈ వారం సంగతి."

"మనుషుల్ని బడికి పంపించేద్దాం. ఇళ్లు?"

ఇంతియాజ్ ఖాళీ అయిన ఎర్రమట్టి వైపు చూశాడు. ఇరవై మూడిళ్లూ కూలికి పోయి, చిట్టీలు పాడుకుని కట్టుకున్న ఇళ్లు. అయినా దమయంతి నోటి వెంట వచ్చింది మాత్రం ఉద్యోగం మాటే.

"కారణం తేలాలి. కారణం లేకుండా నేను ఏమీ రాయలేను."

మధ్యాహ్నం భోజనం కనకరత్నం ఇంట్లో. గడప ముందు చారెడు ఎరుకపిండి మిగిలి ఉంది. దమయంతి దాటబోతే ఆవిడ మడమ పక్కన పిండి చిన్న సుడిలా తిరిగి ఆగింది.

"మిమ్మల్ని కూడా పట్టేసిందండి," అని నవ్వింది కనకరత్నం. "ఇక మీరూ మా ఇంటోళ్ల లెక్కేనండి. రండి, కాళ్లు కడుక్కోండి."

లోపల మంచం కోళ్ల కింద ఇటుకలు పెట్టారు. చాప ఎత్తితే గచ్చు నల్లగా చెమర్చి ఉంది. బియ్యం బస్తా అటక మీదికెక్కింది. కనకరత్నం మొగుడు సూర్రావు వంకాయ కూర వడ్డిస్తూనే అసలు సంగతి చెప్పాడు.

"నలభయ్యేళ్లుగా చూత్తన్నానండి. వాగు ఎంత పొంగినా మా ఈధిలోకి రాలేదు. అటేపు నోరుంది, ఆ నోట్లోంచి పల్లానికెల్లిపోయేది. పోయినేడు ఆ నోటికడ్డంగా రోడ్డుకట్ట ఏసేసేరు. నీళ్లెటెల్తాయండి? కిందనుంచి ఊరతన్నాయి."

"కట్ట వెయ్యమని మీ సంఘమే కదండీ రాసింది?"

"పటంలో ఉంది, రాసేరండి."

"పటంలో నోరు లేదా?"

మొగుడూ పెళ్లాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కనకరత్నం చారు గిన్నె కింద పెట్టింది.

"మాకు తెలవదండి. ఏసినప్పుడుంది. అన్నాలు తినొచ్చి చూసేసరికి మూసుంది."

దమయంతి చెయ్యి కడిగేసుకుంది. పెరుగు కూడా వేసుకోలేదు. ఇక్కడ ఎవరో వేలు పెట్టారు. ఆ వేలెవరిదో పట్టుకోవడం ఆవిడకి వెన్నతో పెట్టిన విద్య.

హాల్లో ఒక్కొక్కర్నీ పిలిచి అడిగింది. ముగ్గు వేసే ఆడవాళ్లకి ఒక అలవాటుంది. ఏ గీతనీ తెరిచి వదలరు. తెరిచిన ముగ్గు వాకిట్లో ఉంటే ఆ ఇంటికి మంచిది కాదంటారు. అది నమ్మినా నమ్మకపోయినా చెయ్యి మాత్రం దానంతటదే పోయి మూసేస్తుంది. కానీ ఊరి పటంలో వాగు గీత మూస్తే, వాగు అక్కడితో అయిపోయిందని పిండి అనుకుంటుంది. అవతలంతా పొడినేల అని చూపిస్తుంది. పొడినేల మీద రోడ్డు వేసుకోమని ప్రణాళిక తయారవుతుంది. సరిగ్గా అదే జరిగింది.

"ఆ సంగతి మాకు తెలుసమ్మా," అంది బుల్లెమ్మ. "పోయినేడు ముందే అనుకున్నాం, వాగు గీత ఎవరూ మూయకూడదని. వారం రోజులు ఇళ్ల దగ్గర తెరిసిన ముగ్గులేసి అలవాటు చేసుకున్నాం. నా చెయ్యి నాకే నమ్మకం లేక, ఆయేళ కొంగు చేతికి చుట్టేసుకుని కూకున్నాను."

"మరి మూసి ఉండటం చూసి ఎందుకు అడగలేదు మామ్మగారూ?"

"ఎవర్నడుగుతాం? రత్నం మూసిందనుకున్నాను నేను. నేను మూసేననుకుంది రత్నం. అడిగితే అన్నట్టవుద్ది కదా." బుల్లెమ్మ కొంగు సర్దుకుంది. "అయినా పైనించి చెప్పేరేమో అనుకున్నామమ్మా. పైవోళ్లు చెప్తే ఏదో కారణం ఉంటది కదా అని."

దమయంతి నియమావళి తెరిచి వాళ్లకి చదివి వినిపించింది. పటాన్ని తప్పు వేసింది సంఘమే అని తేలితే సంఘం రద్దు. ఎరుకపిండిని ఊరి నుంచి వెనక్కి తీసేసుకుంటారు. కట్ట తెగ్గొట్టాలా వద్దా అన్నది జిల్లా సమితి ముప్పై రోజుల్లో తేలుస్తుంది. తుఫాను గురువారం. ఇవాళ మంగళవారం.

"మేడమ్, ఒక దారి ఉంది," అన్నాడు ఇంతియాజ్. "ఏటా పటం ఎత్తేసేటప్పుడు ప్రతి గీతలోంచీ చిటికెడు పిండి సీలు వేసి దాచిపెడతాం కదా. వాగు నోటి దగ్గరి పొట్లం తెప్పించండి. గడప దగ్గర నెల్లాళ్లున్న పిండి అది, నడకలు చదవడం తప్ప దానికి వేరే పని తెలీదు. ఎవరి వేళ్లలోంచి జారిందో వాళ్ల నడక దానికి గుర్తుంటుంది. వాళ్లు పక్కనించి నడిస్తే కదులుతుంది."

పొట్లాలన్నీ పంచాయతీ ఆఫీసు బీరువాలో ఉన్నాయి, తాళంచెవి దమయంతి దగ్గరే ఉంది. సీలు చెక్కు చెదరలేదు. ఆవిడే చింపి, కాగితం మీదనుంచి ఎర్రటి నేల మీదికి వంచింది. చిటికెడంటే చిటికెడు, అంగుళం గీత.

ఒక్కొక్కరూ దాని పక్కనించి నడిచారు. కనకరత్నం నడిచింది. పిండి కదల్లేదు. బుల్లెమ్మ కర్ర పక్కన పెట్టి, గోడ పట్టుకుని నడిచింది. కదల్లేదు. పోయినేడు భోజనాల వేళ ఇక్కడున్న డెబ్భై మందీ నడిచేసరికి మూడు గంటలైంది. బయట మబ్బు దించుకొచ్చి హాల్లో దీపాలు వేశారు. సర్పంచి నడిచాడు, వీఆర్వో నడిచాడు, ఇంతియాజ్ కూడా నడిచాడు. నేల మీద తెల్లటి గీత రాయిలా పడి ఉంది.

"మీ పొడికి మతిమరుపు వచ్చినట్టుంది," అని విసుక్కుని, దమయంతి అవతలి గోడ దగ్గరున్న ఫైలు తెచ్చుకోవడానికి లేచింది.

నాలుగడుగులు వేసింది. వెనక ఎవరూ మాట్లాడటం లేదని అప్పుడు తోచింది. ఇందాకటిదాకా గుసగుసలుండేవి. తిరిగి చూసింది.

గీత ఆవిడ వెనకాలే వస్తోంది. అంగుళం గీత సాగి సాగి బెత్తెడైంది. ఆవిడ నిలబడితే నిలబడింది. ఒక అడుగు పక్కకి వేస్తే అదీ పక్కకి వంగింది. ఇంటి నుంచి తప్పిపోయిన కుక్కపిల్ల మనిషిని గుర్తుపట్టినట్టు మడమ దగ్గరికి వచ్చి, ఆగి, అక్కడ ముడుచుకుంది.

దమయంతికి అప్పుడు గుర్తొచ్చింది. పోయినేడు అందరూ వరండాలో భోజనాలకి లేచారు. ఆవిడ ఒక్కతే హాల్లో ఉండి ఫోనులో మాట్లాడుతోంది. ఎవరితో మాట్లాడిందో కూడా గుర్తుంది, పక్క మండలం ఫైలు ఆలస్యమైందని ఎవరినో తిడుతోంది. మాట్లాడుతూ మాట్లాడుతూ వంగింది. పక్కనున్న చిప్పలోంచి చిటికెడు తీసుకుంది. తెరిచి ఉన్న గీతని అటునుంచి ఇటు ఒక్క వేలి దూరం కలిపేసింది. కలిపి, చేతులు దులుపుకుంది. పదేళ్ల వయసు నుంచి రోజూ పొద్దున్నే చేసిన పని. ఇళ్ల దగ్గర వారం రోజులు అలవాటు చేసుకున్నవాళ్లు వాళ్లు. ఆవిడకి ఎవరు నేర్పారు?

కంచే చేను మేసింది. అందరి వేళ్లూ తనిఖీ చేసిన వేలే అక్కడ పడింది. దమయంతి నేల మీద కూలబడింది. సిగ్గుతో మొహం మంటెత్తిపోయింది.

బుల్లెమ్మ మెల్లిగా వచ్చి పక్కన కూర్చుంది.

"మీదీ ఆడచెయ్యే కదమ్మా. ఊరుకోదు." ఆ తరవాత గొంతు తగ్గించి, "నా పేరు రాసేసుకోండి. ఇంకెన్నాళ్లుంటాను నేను? ముసిల్ది, సూపానలేదు, మూసేసిందని రాయండి," అంది.

దమయంతి బయటికి వెళ్లి పై అధికారికి ఫోను చేసింది. ఆయన అంతా విన్నాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు.

"దమయంతిగారూ, మీరు పెద్దవారు, నేను చెప్పేదేముంది. తనిఖీ అధికారే పటం తాకిందంటే మన విభాగం మొత్తానికి మాట. ఆ పెద్దావిడ ఒప్పుకుంటోందంటున్నారుగా? తుఫాను వెళ్లిపోనివ్వండి, తీరిగ్గా చూద్దాం."

బుల్లెమ్మ పేరు రాస్తే ముప్పై రోజులు. తన పేరు రాస్తే ఒక్క నిమిషం. నియమావళిలో ఆ వాక్యం దమయంతి స్వయంగా రాసిందే. తనిఖీ అధికారి జోక్యం రుజువైతే ప్రణాళిక ఆ క్షణమే చెల్లదు, దాని మీద కట్టినదాన్ని ఆ అధికారి సమక్షంలో తొలగించవచ్చు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది రాసిన రోజున వేరేవాళ్ల కోసం రాశాననుకుంది.

లోపలికి వచ్చి, జోక్యం చేసుకున్నవారు అన్న గడిలో తన పూర్తి పేరూ హోదా రాసి సంతకం చేసింది.

బుధవారం పొద్దున కింది వీధివాళ్లని బడికి తరలించారు. కట్ట తెగ్గొట్టేముందు ఇంకొకసారి పటం పోసి చూడాలన్నాడు ఇంతియాజ్. ఈసారి బుల్లెమ్మ కట్టని మధ్యలో తెంచి, వాగు నోరు తెరిచి గీసింది. ఆడవాళ్లు ఇళ్లు పోశారు, నీళ్లు చిలకరించారు. పావుగంట గడిచింది, అరగంట గడిచింది. ఇరవై మూడిళ్లూ ఎక్కడ పోసినవి అక్కడే ఉన్నాయి. ఎవరో గట్టిగా ఏడ్చేశారు, ఎవరో నవ్వారు. కనకరత్నం దమయంతి రెండు చేతులూ పట్టుకుంది.

"ఆగండి," అన్నాడు ఇంతియాజ్.

కనకరత్నం ఇంటి పిండిలోంచి ఒక్క పోగు విడివడింది. దారప్పోగంత సన్నం. తక్కిన ఇల్లు కదల్లేదు, ఆ పోగొక్కటే బయల్దేరింది. బడివైపు పోలేదు. తూర్పుకి, కట్ట దగ్గరికి, తెరిచిన వాగు నోటి దగ్గరికి పోయి కొసన చుక్కలా ఆగింది.

సూర్రావు మొహం పాలిపోయింది. కట్ట మీద పార పట్టాల్సింది అతనే. కనకరత్నం మొగుడి చొక్కా పట్టేసుకుంది. ఇంతియాజ్ సూర్రావుని పోగు పక్కన నడిపించాడు. అది కదల్లేదు. కనకరత్నాన్ని నడిపించాడు. కదల్లేదు.

"మీ ఇంటి గడప దాటినవాళ్లు ఇంకెవరున్నారు?"

కనకరత్నం దమయంతి వైపు చూసింది. నిన్న ఆ గడప మీద మడమ పక్కన తిరిగిన సుడి దమయంతికి కూడా గుర్తుంది. లేచి, చెప్పులు విడిచి, పోగు పక్కన నడిచింది. కొసనున్న చుక్క గజగజలాడింది.

"మీరు వెళ్లకండి మేడమ్," అన్నాడు ఇంతియాజ్. "ఇన్నేళ్లలో ఇది తప్పు చూపించలేదు."

"నా సమక్షంలో అని రాసుంది ఇంతియాజ్ గారూ. నేను లేకుండా పార వేస్తే ప్రభుత్వ ఆస్తి ధ్వంసం చేశారని వీళ్ల మీద కేసు. పదిమంది జైలుకి పోతారు."

భయం వేసింది ఆవిడకి. బాగా వేసింది. పటం వేరే ఎవరినైనా చూపించి ఉంటే వాళ్లని ఆపేసేదాన్ని కదా అని కూడా తోచింది. గొడుగు తీసుకుని బయల్దేరింది. గుమ్మం దగ్గర బుల్లెమ్మ ఒక్కతే నేలకేసి చూస్తూ కూర్చుంది, కొంగు చేతికి చుట్టుకుని.

కట్ట మీద గాలికి గొడుగు నిలవలేదు. పైన ఎక్కడో కురిసిన వానకి వాగు అప్పుడే ఎర్రగా వచ్చేసింది, కట్టకి మూరెడు కిందికి. పదిమంది పలుగులు దించారు. మధ్యాహ్నానికి గండి పడింది. ముందు చెంబుడు నీళ్లు, తరవాత బిందెడు, తరవాత కట్ట తనంతట తానే విరిగి పడటం మొదలెట్టింది. మగవాళ్లు కేకలు వేస్తూ అటూ ఇటూ దూకారు. వాగు తన పాత నోరు గుర్తుపట్టి అటు తిరిగింది. కింది వీధి వైపు నీరు వెనక్కి జారుతుంటే దమయంతి కళ్లారా చూసింది. చూస్తూ ఉండగానే కాళ్ల కింద మట్టి లేకుండా పోయింది.

నీళ్లు నోట్లోకి, ముక్కులోకి వచ్చాయి. ఆకాశం ఒకసారి కనిపించింది. ఇంతే కాబోలు అనుకుంది, పటం సరిగ్గానే చెప్పింది అనుకుంది. చచ్చిపోయే మనిషికి కూడా అధికారి బుద్ధి పోలేదు.

అప్పుడు కాళ్లకి నేల తగిలింది.

నిలబడింది. నడుం లోతు, మోకాలి లోతు, ఆ పైన పాదాలే తడుస్తున్నాయి. వాగు మధ్యలో ఇసుక దిబ్బ మీద ఉంది. బండి చక్రమంత ఉంటుంది, గుండ్రంగా. చుట్టూ నీళ్లు గర్జిస్తూ పోతున్నాయి, దుంగలు కొట్టుకుపోతున్నాయి, దిబ్బ అంచు మాత్రం కరగడం లేదు. దిబ్బ చుట్టూ అంచు తెల్లగా ఉంది. నురగ అనుకుంది. నురగ అలా కదలకుండా ఉండదు.

సూర్రావు తాడు విసిరి లాగాడు. గట్టు మీద పడ్డాక ఆవిడ కంటే అతనే ఎక్కువ వణుకుతున్నాడు.

"అక్కడ దిబ్బ లేదండి," అన్నాడు. "నేనీ వాగులో పుట్టి పెరిగినోణ్ణండి. అక్కడ రెండు నిలువుల లోతు."

వెనక్కి తిరిగి చూసేసరికి అక్కడ నీళ్లే ఉన్నాయి.

హాలుకి తడిబట్టలతో వచ్చింది. ఆడవాళ్లంతా బడి దగ్గర ఉన్నారు. ఇంతియాజ్ పటం పక్కన మోకాళ్ల మీద ఉన్నాడు, ఆవిడ వచ్చింది కూడా గమనించలేదు. వాగు నోటి దగ్గర, పోగు కొసనున్న చుక్క చుట్టూ ఒక సున్నా ఉంది. చుక్కని వదలకుండా గుండ్రంగా తిప్పి మూసిన గీత. వంకర లేదు, అతుకు కనిపించడం లేదు. ఆ చేత్తో గీసే మనిషి ఊళ్లో ఒక్కతే.

వరండాలో బుల్లెమ్మ బకెట్టు మీద వంగి చేతులు కడుక్కుంటోంది. చాలాసేపటి నుంచి కడుక్కుంటున్నట్టుంది.

"మేడమ్," అన్నాడు ఇంతియాజ్ గుసగుసగా. "నేను టీ తాగడానికి వెళ్లి వచ్చేసరికి ఇది ఉంది. ఈ పిండి జరగబోయేది చూపిస్తుందంతే, జరిపించదు. పదకొండేళ్లు దీని మీదే పనిచేశాను. జరిపించదు." వేలితో ఆ సున్నా చూపించాడు. "సూర్రావు ఫోనులో చెప్పాడు, దిబ్బ సంగతి. ఎవరైనా తాకారా మేడమ్? తాకారని మీరు రాస్తే నేను నిరూపించగలను. పొట్లం కట్టి నడిపిస్తే చాలు. ఒక్క గీత గీస్తే ఊరు మారుతుందని తెలిస్తే..."

తెలిస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. రేపటి నుంచి ప్రతి ఊరి పటం దగ్గరా ఎవరి చేతులు వాలతాయో, ఏ గీతలు తెరుచుకుంటాయో, ఏ వీధులు తుడుచుకుపోతాయో దమయంతికి కళ్లకి కట్టినట్టు కనిపించింది. ఆ చేతులన్నిటినీ ఆవిడ ఇరవై రెండేళ్లుగా చూస్తూనే ఉంది. ఫోనులో అంత మర్యాదగా మాట్లాడినాయన చెయ్యి కూడా అందులో ఉంది.

కుర్చీ లాక్కుని కూర్చుంది. జుట్టులోంచి నీళ్లు కాగితం మీద పడకుండా తల వెనక్కి పెట్టుకుంది. తనిఖీ పత్రంలో ఒక గడే మిగిలింది. పటం పోసిన తరవాత దాన్ని తాకినవారెవరైనా ఉంటే పేరు రాయాలి.

వరండాలో నీళ్ల చప్పుడు ఆగిపోయింది. బుల్లెమ్మ గుమ్మంలో నిలబడింది. తడిచేతులు కొంగుతో తుడుచుకుంటూ చూస్తోంది.

'ఎవరూ లేరు' అని రాసింది దమయంతి. ఇరవై రెండేళ్లలో ఆవిడ రాసిన మొదటి అబద్ధం అది. కింద సంతకం చేసి, చీపురు అడిగి తీసుకుని, పటం మొత్తం తనే ఊడ్చేసింది.